కెరవా కుర్రాళ్ల రెండో ఆల్బమ్

మెటల్ సంగీతం వినేవాళ్లని ఫిన్లాండ్ గురించి అడిగితే టకటకా పేర్లు చెప్పేస్తారు. నైట్‌విష్, అమోర్ఫిస్, అపోకలిప్టికా, చిల్డ్రన్ ఆఫ్ బోడమ్. 2006 యూరోవిజన్ పాటల పోటీలో రాక్షసుల మాస్కులు వేసుకొచ్చి గెలిచిన లోర్డి సంగతైతే యూరప్‌లో మెటల్ ముఖం చూడనివాళ్లకు కూడా తెలుసు. అయితే ప్రపంచానికి ఈ పేర్లన్నీ తెలిసింది 1990ల్లోనో, ఆ తర్వాతో. యాభై లక్షల జనాభా ఉన్న దేశానికి ఇంత మెటల్ ఎక్కణ్ణుంచి వచ్చింది, అంతకుముందు అక్కడ ఏముండేది అని అడిగితే జవాబు చెప్పేవాళ్లు తగ్గిపోతారు.

ఆ జవాబులో పెద్ద భాగం 1989లో వచ్చిన ఒక ఆల్బమ్‌లో ఉందని నా నమ్మకం. స్టోన్ అనే బ్యాండ్ చేసిన ‘నో అనస్థీషియా!’. అది వాళ్ల రెండో ఆల్బమ్. దాని గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి, అది అమెరికా థ్రాష్‌కి, అంటే అక్కడ పుట్టిన వేగమైన మెటల్‌కి, ఫిన్లాండ్ నకలు అని. రెండు, అందులో గిటార్ వాయించిన రోపే లత్వాలా తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్నాడు కాబట్టే దాన్ని ఇంకా గుర్తుపెట్టుకున్నారని. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ అక్కడితో ఆగితే అసలు విషయం జారిపోతుంది.

కెరవా హెల్సింకికి ఉత్తరాన ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, రైలు మార్గం మీదున్న చిన్న పట్టణం. రోజూ లోకల్ ట్రెయిన్‌లో రాజధానికి వెళ్లొచ్చే ఉద్యోగులుండే ఊరు. 1985లో అక్కడి కుర్రాళ్లు నలుగురు క్రాస్ ఆఫ్ ఐరన్ పేరుతో బ్యాండ్ పెట్టారు, తర్వాత పేరు స్టోన్‌గా మార్చుకున్నారు. బేస్ వాయిస్తూ పాడేది యాన్నే యౌట్సెన్నియెమి. గిటార్లు రోపే లత్వాలా, యిరి యల్కానెన్. డ్రమ్స్ పెక్కా కసారి. 1988లో మెగామానియా అనే ఫిన్లాండ్ కంపెనీ ద్వారా, బ్యాండ్ పేరుతోనే మొదటి ఆల్బమ్ వచ్చింది. మరుసటి ఏడాదే ‘నో అనస్థీషియా!’. 1990లో ‘కలర్స్’, 1991లో ‘ఎమోషనల్ ప్లేగ్రౌండ్’. ఆ తర్వాత బ్యాండ్ విడిపోయింది. నాలుగేళ్లలో నాలుగు ఆల్బమ్‌లు. రెండో ఆల్బమ్ వచ్చిన ఏడు లత్వాలాకి పంతొమ్మిదేళ్లు నిండాయి.

ఆ వయసు గుర్తుపెట్టుకుని వినాలి. చిన్నపిల్లలే కదా అని మార్కులు వేయడానికి కాదు, ఆ సంగీతం ఒంటితో ఎంత పని చేయిస్తుందో తెలియడానికి.

థ్రాష్ అంటే వేగంగా వాయించే మెటల్ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. కానీ వేగం ఎక్కణ్ణుంచి పుడుతుందన్నది ముఖ్యం. 1980ల మొదట్లో బ్రిటన్ నుంచి వచ్చిన కొత్త హెవీ మెటల్ అలలో జంట గిటార్ల పని ఉంది. అమెరికా హార్డ్‌కోర్ పంక్‌లో ఆగకుండా పరిగెత్తే డ్రమ్స్, కేకలు ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలా, లాస్ ఏంజిలెస్‌లో, న్యూయార్క్‌లో ఉన్న కుర్రాళ్లు ఈ రెండూ కలిపారు. 1983లో మెటాలికా, స్లేయర్ మొదటి ఆల్బమ్‌లు వచ్చేసరికి ఆ కలయికకి ఒక రూపం వచ్చింది. ఇక అక్కణ్ణుంచి బరువంతా గిటార్ వాయించే కుడిచేతి మీద పడింది.

ఆ కుడిచేతిని కాస్త దగ్గరగా చూద్దాం. అరచేయి అంచుని గిటార్ బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి పిక్‌తో కొడితే శబ్దం సాగదు, అక్కడికక్కడ తెగిపోతుంది. దాన్ని పామ్ మ్యూట్ అంటారు. ఆంప్లిఫయర్‌లో శబ్దాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్ బాగా పెంచి ఇలా కొడితే, తెగిన ప్రతి దెబ్బా ఛాతీకి తగిలినట్టుంటుంది. ఇప్పుడు నిమిషానికి 200 బీట్ల టెంపో అనుకోండి. బీట్‌కి రెండు దెబ్బలు వేసినా సెకనుకి ఆరేడు. నాలుగు వేస్తే పదమూడు. దెబ్బలన్నీ కిందికే కొడితే ఒక రకం మొండి బలం వస్తుంది, కిందికీ పైకీ మార్చి కొడితే వేగం దొరుకుతుంది గానీ ఆ బరువు కొంత పోతుంది. ఎక్కడ ఏది వాడాలన్నది తేల్చుకోవడమే థ్రాష్ రిథమ్ గిటార్‌లో సగం విద్య. పైగా ఇద్దరు గిటారిస్టులు, ఒక బేసిస్టు, డ్రమ్మర్ కాలు నలుగురూ ఒకే దెబ్బ మీద పడాలి. ఒక్కరు వెంట్రుకవాసి తప్పినా రిఫ్, అంటే పాటలో పదే పదే తిరిగే గిటార్ వరస, ముద్దయిపోతుంది. ఆ పనంతా చేస్తూనే పాడాలంటే యౌట్సెన్నియెమి మీద ఎంత భారం పడేదో ఊహించుకోవచ్చు. వేళ్లు ఒక లయలో, గొంతు ఇంకో లయలో నడవాలి.

ఇక డ్రమ్స్. థ్రాష్‌లో బాగా వినిపించే బీట్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రతో కొట్టే, టక్కుమనే చిన్న డ్రమ్) ఒకదాని వెనక ఒకటి ‘డుగ్-టక్ డుగ్-టక్’ అని పరుగెడతాయి. పాట మధ్యలో ఒక్కసారిగా ఆ స్నేర్ సగానికి తగ్గిపోతుంది. గిటార్లు అదే వేగంలో ఉన్నా, పాట మొత్తం నెమ్మదించి బరువెక్కినట్టు అనిపిస్తుంది. కచేరీలో తాళం చెక్కుచెదరకుండా కాలం మారినప్పుడు మనకు కలిగే అనుభూతి లాంటిదే ఇది. స్టేజీ ముందున్న జనం తల ఊపే తీరు మారేది కూడా అక్కడే. వేగం మీద మాత్రమే నడిచే థ్రాష్ పాట మూడు నిమిషాల్లో చెవికి అలవాటైపోతుంది. ఆ మలుపు ఎప్పుడు తిప్పాలో తెలిసిన బ్యాండ్ పాటని ఆరేడు నిమిషాలు నిలబెట్టగలదు.

రెండో ఆల్బమ్ ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

ఏ బ్యాండ్‌కైనా మొదటి ఆల్బమ్‌లో ఉండేవి మూడు నాలుగేళ్లుగా రిహార్సల్ గదిలో, చిన్న చిన్న షోలలో అరగదీసిన పాటలు. ఏది జనానికి ఎక్కుతుందో ముందే తెలుసు. రెండోదానికి ఆ నిల్వ ఉండదు. ఏడాదిలోపు, ఊళ్లు తిరుగుతూ, కొత్తవి కట్టుకోవాలి. అందుకే రాక్ సంగీతంలో రెండో ఆల్బమ్ అంటే టెన్షన్. చాలా బ్యాండ్లు అక్కడే బోల్తా కొట్టాయి.

థ్రాష్‌లో మాత్రం కథ తిరగబడింది. లెక్క చూడండి. మెటాలికా ‘రైడ్ ద లైట్నింగ్’, 1984. స్లేయర్ ‘హెల్ అవెయిట్స్’, ఆంథ్రాక్స్ ‘స్ప్రెడింగ్ ద డిసీజ్’, రెండూ 1985. మెగాడెత్ ‘పీస్ సెల్స్’, జర్మనీ నుంచి క్రియేటర్ ‘ప్లెజర్ టు కిల్’, రెండూ 1986. టెస్టమెంట్ ‘ద న్యూ ఆర్డర్’, 1988. అన్నీ రెండో ఆల్బమ్‌లే. ఆ బ్యాండ్లు తమ అసలు స్వరం దొరకబుచ్చుకున్నది వీటిలోనే అని వాదించవచ్చు. దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ ఎక్సోడస్. వాళ్ల మొదటి ఆల్బమ్ ‘బాండెడ్ బై బ్లడ్’కి వచ్చిన పేరు రెండోదానికి రాలేదు, మధ్యలో గాయకుడు కూడా మారాడు. అయినా మొత్తమ్మీద ఆ వరస యాదృచ్ఛికం అని నేననుకోను. థ్రాష్ కుర్రాళ్లు మొదటి ఆల్బమ్ నాటికి వేగాన్ని లొంగదీసుకునేవాళ్లు. వేగం చేతిలోకి వచ్చాక, ఇక దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఎదురయ్యేది. రెండో ఆల్బమ్ ఆ ప్రశ్నకు జవాబు. అది కుదరాలంటే పాటని కట్టడం నేర్చుకోక తప్పదు.

‘నో అనస్థీషియా!’ సరిగ్గా ఈ వరసలో కూర్చుంటుంది. మొదటి ఆల్బమ్ ‘స్టోన్’లో ‘గెట్ స్టోన్డ్’, ‘నో కమాండ్స్’ లాంటి పాటలు నేరుగా మీదికొచ్చి పడతాయి. రిఫ్, కేక, గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే సోలో, అయిపోయింది. వాటిలో ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది. రెండోదానికి వచ్చేసరికి పాటల సంఖ్య తగ్గి ఎనిమిదికి చేరింది. అప్పటి ఎల్పీ రికార్డులో ఒక వైపుకి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే గాడులు ఇరుకై శబ్దం నీరసిస్తుంది. రెండు వైపులా కలిపి నలభై నిమిషాల చుట్టూ ఉండే చోటులో ఎనిమిదే పాటలంటే, ఒక్కోదానికి ఊపిరాడే జాగా దొరికినట్టే. ఆ జాగాని వాళ్లు వేగం పెంచడానికి వాడుకోలేదు. రిఫ్‌కీ రిఫ్‌కీ మధ్య మలుపులు పెట్టడానికి వాడుకున్నారు.

‘స్వీట్ డ్రీమ్స్’తో మొదలై ‘మీనింగ్ ఆఫ్ లైఫ్’తో ముగిసే ఈ ఆల్బమ్‌లో ‘ఎంప్టీ సూట్’, ‘బ్యాక్ టు ద స్టోన్ ఏజ్’, ‘కాంక్రీట్ మాల్‌ఫార్మేషన్’, ‘లైట్ ఎంటర్‌టైన్‌మెంట్’, ‘కిల్ ద డెడ్’ ఉన్నాయి. ఆల్బమ్ పేరుతోనే ఒక పాట ఉంది. బ్యాండ్ పేరు చెప్పగానే అభిమానులకు గుర్తొచ్చేది ‘బ్యాక్ టు ద స్టోన్ ఏజ్’. గుంపుగా కలిసి అరవడానికి వీలైన పాట అది, దాని ఆకర్షణ ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. కానీ ఆల్బమ్ బలమంతా అందులోనే ఉందనుకోవద్దు. మిగతా పాటల్లో ఒక రిఫ్ నాలుగుసార్లు తిరిగాక, ఐదోసారి కూడా అదే వస్తుందని చెవి సిద్ధపడే క్షణంలో వేరే రిఫ్ అడ్డం పడుతుంది. అది ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించినట్టుండదు. ముందుదాని తోకలోంచే పుట్టినట్టుంటుంది. ఇలాంటి చోట్ల కసారి డ్రమ్స్‌ని ప్రత్యేకంగా వినండి. రిఫ్ మారబోతోందని మనకంటే ముందే అతని చేతులకు తెలిసినట్టు ఉంటుంది. ఆ సూచన లేకపోతే ఇన్ని మలుపుల్లో వినేవాడు దారి తప్పుతాడు.

లత్వాలా సోలోల సంగతి వేరేగా చెప్పుకోవాలి. 1980ల చివర్లో గిటారిస్టులంతా ఎవరెంత వేగంగా వాయించగలరో చూపించే పోటీలో ఉన్నారు. ఆ వేగం ఇతనికీ ఉంది. కానీ పాట కింద నడుస్తున్న రిఫ్‌ని వదిలేసి తన దారిన తాను పోడు. దాన్ని పట్టుకునే పైకెక్కుతాడు. ఆ వయసులో అంత నిగ్రహం చూపించడం అరుదు.

నకలు అన్న ఆరోపణ దగ్గరికి వస్తాను. అమెరికా బే ఏరియా, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, బ్యాండ్ల ప్రభావం ఈ ఆల్బమ్‌లో ఉంది, దాచాల్సిన పనే లేదు. మెటాలికా 1988లో ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’తో పొడవైన, మెలికలు తిరిగిన పాటల దారి చూపించింది. ప్రపంచంలో ఏ మూలన థ్రాష్ వాయించేవాళ్లయినా అది వినకుండా ఉండరు. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లో కోరనర్, కెనడాలో వోయ్‌వోడ్ ఇంకా కష్టమైన దారులు వెతుకుతున్నాయి. అంటే పాటని సాగదీయడం, తిప్పడం ఆ రోజుల్లో థ్రాష్ మొత్తానికీ పట్టిన ఆలోచన. స్టోన్ దాన్ని కొత్తగా కనిపెట్టిందని నేను అనను. ఆ ఆలోచనని తమ ఊళ్లో, తమ భాషలో మాట్లాడుకుంటూ, ముందు దారి చూపిన పెద్ద బ్యాండ్ ఏదీ పక్కన లేకుండా సాధించారు. ఆ తేడా నాకు చాలా పెద్దది.

ఎందుకంటే అప్పటి ఫిన్లాండ్‌లో వాళ్లకు ముందున్నది తక్కువ. హనోయ్ రాక్స్ 1980ల మొదట్లో లండన్ దాకా వెళ్లి పేరు తెచ్చుకుంది గానీ అది గ్లామ్ రాక్. కుయోపియో నుంచి టారోట్ 1986లో మొదటి ఆల్బమ్ చేసింది, అది సంప్రదాయ హెవీ మెటల్. ఉత్తరాన టోర్నియోలో టెర్వేట్ కేడెట్ లాంటి హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్లు ఉన్నాయి. వాటి దూకుడు చూస్తే థ్రాష్‌కి అక్కడ నేల తయారుగానే ఉందనిపిస్తుంది. స్టోన్‌తో పాటే ఎయిర్‌డాష్, ఏ.ఆర్.జి., నేషనల్ నాపామ్ సిండికేట్, ప్రెస్టీజ్ లాంటి బ్యాండ్లు లేచాయి. ఒక్క బ్యాండ్ కథ కాదిది, ఒక తరం కథ. ఆ తరంలో ముందు నడిచింది స్టోన్.

ఈ తరానికి దేశం చేసిన సాయం కూడా ఉంది. సంగీత పాఠశాలలకు ప్రభుత్వం డబ్బివ్వాలన్న చట్టం ఫిన్లాండ్‌లో 1960ల చివర్లోనే వచ్చింది. మునిసిపాలిటీలు యువకుల కోసం కేంద్రాలు నడిపేవి, చాలాచోట్ల బ్యాండ్లు ప్రాక్టీస్ చేసుకోవడానికి గదులు దొరికేవి. గడ్డకట్టే చలిలో, నాలుగు గంటలకే చీకటి పడే ఊళ్లో వెచ్చని గది, కరెంటు, డ్రమ్ సెట్ పెట్టుకునే చోటు ఉంటే పదహారేళ్ల పిల్లలకి ఇంకేం కావాలి. ఇంగ్లిష్‌లో పాడటం వాళ్లకు ఎలా కుదిరిందని కొందరు అడుగుతారు. అక్కడ టీవీలో విదేశీ కార్యక్రమాలకు డబ్బింగ్ చెప్పడం ఆనవాయితీ కాదు, కింద సబ్‌టైటిల్స్ వేస్తారు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ చెవిన పడుతూనే ఉంటుంది.

మరి ఇంత చేసిన ఆల్బమ్ దేశం దాటి ఎందుకు పెద్దగా మోగలేదు? దూరం అని తేల్చేస్తే సరిపోదు. అదే 1989లో ఇంకా దూరం నుంచి, బ్రెజిల్ నుంచి, సెపుల్టురా ‘బినీత్ ద రిమెయిన్స్’తో ప్రపంచమంతా తెలిసిపోయింది. వాళ్ల వెనక రోడ్‌రన్నర్ కంపెనీ ఉంది. ఫ్లోరిడా నుంచి స్కాట్ బర్న్స్ అనే ప్రొడ్యూసర్‌ని రియో డి జనీరోకి పంపించి రికార్డు చేయించింది, తర్వాత దేశదేశాల్లో అమ్మింది. స్టోన్ వెనకున్న మెగామానియా ఫిన్లాండ్ మార్కెట్‌ని చూసుకునే కంపెనీ. 1989లో ఒక రికార్డు ఊరు దాటాలంటే దాన్ని పెట్టెల్లో పెట్టి పంపేవాడు ఉండాలి, అవతల దుకాణంలో షెల్ఫు మీద పెట్టేవాడు ఉండాలి, పత్రికలో రాసేవాడు ఉండాలి. అభిమానులు క్యాసెట్లు కాపీ చేసి పోస్టులో పంపుకునేవాళ్లు, కానీ ఆ దారి ఇరుకు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. సెపుల్టురా శబ్దం అప్పుడప్పుడే పుడుతున్న డెత్ మెటల్ (గొంతు చించుకునే అరుపులతో ఇంకా బరువుగా ఉండే మెటల్) వైపు మొగ్గింది, రాబోయే గాలి అటే వీచింది. స్టోన్ థ్రాష్‌ని ఇంకా నునుపుగా, ఇంకా తెలివిగా చెక్కే పనిలో ఉంది. గాలి అటు పోలేదు.

1991 ఆగస్టులో మెటాలికా తన నల్ల అట్ట ఆల్బమ్‌తో వేగం తగ్గించి కోట్లమందికి చేరింది. మరుసటి నెల నిర్వానా ‘నెవర్‌మైండ్’ వచ్చింది. థ్రాష్ బ్యాండ్లు ఎక్కడికక్కడ దారి మార్చుకోవడమో, ఆగిపోవడమో జరిగింది. స్టోన్ కూడా ఆ ఏడే ఆగిపోయింది. ఫిన్లాండ్‌లో కొత్త కుర్రాళ్లు డెత్ మెటల్ వైపు తిరిగారు. 1992లో అమోర్ఫిస్ మొదటి ఆల్బమ్ వచ్చింది.

కానీ ‘నో అనస్థీషియా!’లో నేర్చిన విద్య ఆ రికార్డులో ఉండిపోలేదు, మనుషుల చేతుల్లో ముందుకు నడిచింది. దాని ప్రభావాన్ని అమ్మకాల్లో వెతికితే దొరకదు, ఎవరెవరు తర్వాత ఎక్కడ కూర్చున్నారో చూడాలి. కసారి 1996లో అమోర్ఫిస్‌లో డ్రమ్మర్‌గా చేరి ‘ఎలెజీ’, ‘టువోనెలా’, ‘ఆమ్ యూనివర్సమ్’ మూడింటికీ వాయించాడు. ఆ మూడూ అమోర్ఫిస్ అరుపుల నుంచి రాగం వైపు నడిచిన ఆల్బమ్‌లు. పాట మలుపులో వినేవాడి చెయ్యి పట్టుకుని నడిపించే డ్రమ్మర్ అక్కడ ఎంత అవసరమో వినేవాళ్లకి తెలుస్తుంది. యౌట్సెన్నియెమి సబర్బన్ ట్రైబ్ అనే బ్యాండ్‌లో కొనసాగాడు.

లత్వాలా దారి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. హెల్సింకి పక్కనున్న ఎస్పోలో అలెక్సి లైహో అనే కుర్రాడు ‘నో అనస్థీషియా!’ వచ్చిన ఏడు పదేళ్లవాడు. పెద్దయ్యి చిల్డ్రన్ ఆఫ్ బోడమ్ పెట్టాక, 1998లో ‘డౌన్‌ఫాల్’ సింగిల్‌తో పాటు స్టోన్ పాట ‘నో కమాండ్స్’ని తమ పద్ధతిలో వాయించి విడుదల చేశారు. ఆ పాట మొదటి ఆల్బమ్‌లోది. ఆ తర్వాత సినర్జీ అనే బ్యాండ్‌లో లైహో, లత్వాలా కలిసి వాయించారు. 2003లో చిల్డ్రన్ ఆఫ్ బోడమ్‌లో రెండో గిటారిస్టు చోటు ఖాళీ అయితే లత్వాలానే వచ్చి చేరాడు, 2015 వరకూ ఉన్నాడు. ఎవరి పాట వాయించుకుంటూ ఎదిగాడో ఆ మనిషే పక్కన నిలబడి పన్నెండేళ్లు వాయించడం ఎంతమందికి జరుగుతుంది? ఆ కాలంలో వాళ్లు యూరప్, అమెరికా, జపాన్ తిరిగారు. స్టోన్ దాటలేకపోయిన సరిహద్దుల్ని స్టోన్ గిటారిస్టు ఇలా దాటాడు. లైహో 2020 డిసెంబర్‌లో, 41 ఏళ్లకే పోయాడు. స్టోన్ మాత్రం 2008లో మళ్లీ కలిసి కొన్ని షోలు చేసింది.

అందుకే ‘లత్వాలా వల్లే ఈ ఆల్బమ్ గుర్తుంది’ అనే మాటని నేను తిరగేసి చెబుతాను. లత్వాలా లాంటి గిటారిస్టు, కసారి లాంటి డ్రమ్మర్ తయారైంది ఇలాంటి ఆల్బమ్ కట్టే పనిలోనే.

కొత్తగా వినేవాళ్లకి ఒక సలహా. ముందు మొదటి ఆల్బమ్‌లోంచి ‘నో కమాండ్స్’ ఒక్కటి వినండి, వెంటనే ‘నో అనస్థీషియా!’ మొదటి పాట నుంచి చివరిదాకా ఆపకుండా వినండి. ఒక్క ఏడాదిలో వాళ్లు ఎంత దూరం వచ్చారో చెవికే తెలుస్తుంది. మొదటిసారి గిటార్లు వినండి, రెండోసారి డ్రమ్స్ మాత్రమే. ఆ తర్వాత ‘కలర్స్’కి వెళ్లండి. సాంకేతికంగా ‘కలర్స్’ ఇంకో మెట్టు పైనుంది, దాన్నే గొప్పదనేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల వాదనలో బలం కూడా ఉంది. కానీ దాంట్లో వాళ్లకు ఏం చేయాలో అప్పటికే తెలుసు. నేర్చుకుంటూ, అప్పుడే చేతికందినదాన్ని ఆనందంగా వాడేస్తున్న బ్యాండ్‌ని వినాలంటే మాత్రం రెండోదే వినాలి.